చెడుగుడు నేర్పిన వ్యాసం

 

ఈ నెల గోడపత్రికకు ఏదైనా రాయమని తెలుగు టీచరు గారు అడిగితే ఆటల గురించి రాస్తానన్నాను. ఆటల వల్ల ఒళ్ళు గట్టిపడుతుంది, క్రమశిక్షణ అలవడుతుంది అనే వ్యాసం కాదు. అది మనమందరం ఆరో తరగతి నుంచి రాస్తూనే ఉన్నాం. ఆటల వల్ల మా తరగతికి రాయడం ఎలా వచ్చిందో అది చెప్తాను. ఎందుకంటే దసరా సెలవుల తరవాత తొమ్మిది, పది తరగతులకు సాయంత్రం ఆటల పిరియడు తీసేసి ఆ గంట కూడా స్టడీ అవర్ చేస్తారని అందరూ అనుకుంటున్నారు. ఇంకా ఏమీ నిర్ణయం కాలేదని మేడం గారు ప్రేయర్లో చెప్పారు. నిర్ణయం కాకముందే పెద్దలు ఇది చదవాలని నా కోరిక.

మా ఊరు కూనవరం దగ్గర. శబరి వచ్చి గోదావరిలో కలిసే చోటుకు దగ్గరే. ఇంట్లో మేం మాట్లాడేది కోయ భాష. మా అయ్య, అమ్మ, తాత, ఎవరూ బడికి పోలేదు. జి.సి.సి. వాళ్ళు చింతపండు తూచి డబ్బులు ఇచ్చినప్పుడు మా అయ్య వేలిముద్ర వేస్తాడు. నేను మూడో తరగతిలో ఉండగా ఆ చీటీ మీద అంకెలు చదివి చెప్పాను. అప్పట్నించి ఇంటికి ఏ కాగితం వచ్చినా నా చేతికే ఇస్తారు. చదవడం అలా వచ్చింది. రాయడం అలా రాలేదు.

కోయలో ఏరు అంటే నీళ్ళు. తెలుగులో ఏరు అంటే పారే ఏరు. మా ఊరి బడిలో ఒకటో తరగతిలో సారు గారు ‘మా ఊరి పక్కన ఏరు ఉంది’ అని చదివిస్తే పిల్లలందరం మూల ఉన్న నీళ్ళ కుండ వైపు చూశాం. ఇది నవ్వుకోవడానికి బాగుంటుంది గాని, తొమ్మిదో తరగతి వచ్చినా ఇలాంటివి వదలవు. మన రాష్ట్రంలో 2004లో కోయ, సవర, కొండ వంటి 8 గిరిజన భాషల్లో చిన్న తరగతుల పాఠాలు మొదలుపెట్టారని తెలుగు టీచరు గారు చెప్పారు. కొన్ని ఊళ్ళ బడుల్లోనే పెట్టారట. మా ఊరికి అది రాలేదు. మేము నోటితో ఒక భాష, చేతితో ఒక భాష అయి పెరిగాము.

పోయిన సంవత్సరం వరకు మా వ్యాసాలు ఎలా ఉండేవో అందరికి తెలుసు. గైడులో ఉన్నది బట్టీ పట్టి రాసేవాళ్ళం. ‘నేను చేసిన రైలు ప్రయాణం’ అని ఒక వ్యాసం ఉంది. మా తరగతిలో ముప్పయి ఎనిమిది మందిమి. ముప్పయి ఎనిమిది మందికీ కిటికీ పక్కన సీటే దొరికింది. అందరికీ పచ్చని పొలాలు వెనక్కి పరుగెత్తాయి. అసలు రైలు ఎక్కినవాళ్ళు ముగ్గురే. టీచరు గారు దిద్ది దిద్ది విసిగిపోయి, ‘మీరు ఎవరూ అబద్ధాలు ఆడే పిల్లలు కాదమ్మా, మరి కాగితం మీద ఎందుకు ఆడతారు?’ అన్నారు. ఎవరమూ జవాబు చెప్పలేదు. చెప్పడానికి మాకు ఏమీ జరగలేదు గదా, మేం దేని గురించి రాయాలి అనుకున్నాం.

తరవాత ఒక ఆదివారం ఎనిమిదో తరగతికి, మాకు చెడుగుడు పడింది. పి.ఇ.టి. మేడం ఆ రోజు లేరు, అంపైరు లేరు. రెండు పక్కలా 21 పాయింట్లు. చివరి కూతకు ఎనిమిదో తరగతి పిల్ల వచ్చింది. మా మూల పిల్లని ముట్టుకుని తిరిగి ఉరికింది. మధ్య గీత దాటకముందే కూత ఆగిపోయిందని మేము. దాటాకనే ఆగిందని వాళ్ళు. కూత ముందే ఆగితే ఆ పిల్ల అవుట్, మాకు పాయింటు. దాటాక ఆగితే వాళ్ళకి పాయింటు. సోమవారం క్లాసులో కూడా అదే గొడవ. తెలుగు టీచరు గారు పాఠం మొదలుపెట్టడానికి లేకుండా అరిచాం.

టీచరు గారు కోప్పడలేదు. ఇలా అన్నారు: ‘అరిస్తే తేలదు. రాయండి. మీరొక కాగితం, ఎనిమిది వాళ్ళొక కాగితం. ఆట చూడని మనిషి చదివి తీర్పు చెప్పాలి. తిట్లు రాయకూడదు. చూశాం అని రాస్తే ఎక్కడ నుంచుని చూశారో రాయాలి.’

ఆట చూడని మనిషి ఎవరంటే మన వంటమ్మ. ఆదివారం ఆమె వంటగదిలోనే ఉంది. ఆమెకు చదువు రాదు, కాబట్టి చదివి వినిపించాలి. రెండు కాగితాలూ రెండేసి పేజీలు. వంటమ్మ బియ్యం ఏరుకుంటూ విని, ‘ఇద్దరికీ కోపం వచ్చిందని తెలిసిందమ్మా. ఆ పిల్ల ఎటు నుంచి వచ్చింది? ఎవర్ని ముట్టుకుంది? కూత ఆగిందని ఎవరు విన్నారు, దూరంగా ఉన్నవాళ్ళా, దగ్గరున్నవాళ్ళా?’ అని అడిగింది. ఆ ప్రశ్నలకు కాగితంలో జవాబు లేదు. ఒక్కొక్క ప్రశ్నకు ఒక్కొక్క వాక్యం కలుపుకుంటూ మళ్ళీ రాశాం. మళ్ళీ వినిపించాం. ఆమె మళ్ళీ అడిగింది. మూడు రోజులు ఇదే పని. ఎవరూ రాయమని మమ్మల్ని బలవంతం పెట్టలేదు. గెలవాలని మేమే రాశాం.

నాలుగో రోజు ఆరో తరగతి చెల్లి ఒకతె తన కాగితం తెచ్చింది. అందులో మూడే వాక్యాలు. ‘నేను మధ్య గీత చివర కూర్చున్నాను. అక్క కాలు గీత ఇవతల పడింది. అప్పుడు కూత ఆగింది.’ వంటమ్మ వెంటనే ఎనిమిదో తరగతి గెలిచింది అని చెప్పేసింది. మా రెండు పేజీలు ఆ మూడు వాక్యాల ముందు నిలవలేదు. మేం ఓడిపోయాం, చాలా బాధ పడ్డాం. కాని ఆ మూడు వాక్యాలు మా తరగతిలో అందరికీ నోటికి వచ్చు. ఏది ముందు జరిగిందో అది ముందు, ఏది తరవాత జరిగిందో అది తరవాత, చూసినవాళ్ళు ఎక్కడున్నారో అది అన్నిటికన్నా ముందు. వ్యాసం అంటే ఇదేనని టీచరు గారు అన్నారు.

అప్పట్నించి టీచరు గారు, పి.ఇ.టి. మేడం కలిసి కొన్ని పనులు పెట్టారు. వేరే తరగతుల వాళ్ళకు పనికొస్తాయని రాస్తున్నాను.

మొదటిది, ఆట నియమాలు రాయడం. అయిదో తరగతి పిల్లలకు చెడుగుడు రాదనుకుని, కాగితం చూసి ఆడేలా రాయాలి. కోర్టు కొలతలు పి.ఇ.టి. మేడం చెప్పారు. ఆడపిల్లల కోర్టు 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు. పక్కకు ఏడుగురు. కూతకు 30 సెకన్లు. మధ్య గీతకు 3 మీటర్ల దూరంలో బాక్ లైను, దానికి ఇంకొక మీటరు అవతల బోనస్ లైను. కూతకు వెళ్ళినామె ఎవరినీ ముట్టుకోకపోతే కనీసం బాక్ లైనన్నా దాటి రావాలి. ఎదుటి పక్క అందరూ అవుటయితే లోనా, దానికి 2 పాయింట్లు ఎక్కువ. ఇదంతా రాసి అయిదో తరగతి వాళ్ళకి ఇచ్చాం. ‘కూతకు వచ్చినామెని పట్టుకోవాలి’ అని ఉంది. ఒక చిన్నపిల్ల వెళ్ళి జడ పట్టుకుంది. కూతకు వచ్చిన పిల్ల ఏడ్చింది. జడ పట్టుకున్న పిల్ల ‘కాగితంలో జడ పట్టుకోవద్దని లేదుగా’ అంది. నిజమే, లేదు. ‘ఒంటినే పట్టుకోవాలి. జడ గాని, బట్టలు గాని లాగకూడదు’ అని కలిపాం. చదివేవాళ్ళకు మన మనసులో ఉన్నది తెలీదని ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు. ఆ జడతో అందరికీ ఎక్కింది.

రెండోది, మాటలు వెతకడం. మా కెప్టెను రాసిన పేజీలో ‘ఆడింది’ అనే మాట పదకొండు సార్లు ఉంది. టీచరు గారు పదకొండింటికీ సున్నాలు చుట్టారు. అందరం బోర్డు దగ్గర నుంచుని వేరే మాటలు చెప్పాం. ఉరికింది, ఒంగింది, జారింది, విదిలించుకుంది, ఒడిసి పట్టింది, ఈడ్చుకొచ్చింది. తెలుగు మాట దొరకనప్పుడు మన ఇంటి భాష మాటే తెలుగు అక్షరాల్లో రాయనిచ్చారు. దాని పక్కన తెలుగు మాట తరవాత పెట్టాలి. కొండరెడ్ల పిల్లలు ఒక మాట చెప్పేవారు, మేమొకటి చెప్పేవాళ్ళం, అమలాపురం వైపు నుంచి వచ్చిన టీచరు గారు ఇంకొకటి. ఆరేడు తరగతుల్లో నోరు విప్పని పిల్లలు కూడా అప్పుడు మాట్లాడారు. మా భాష మాటను బోర్డు మీద నేను మొదటిసారి చూసింది ఆ రోజే.

మూడోది, పేపర్లో ఆటల పేజీ చదవడం. 2023 అక్టోబరు 7న చైనాలో హాంగ్జౌ నగరంలో ఆసియా క్రీడల ఆడవాళ్ళ కబడ్డీ ఫైనల్ జరిగింది. మన దేశం చైనీస్ తైపీ మీద 26–25తో గెలిచింది. ఒక్క పాయింటు! ఆడవాళ్ళ కబడ్డీ ఆసియా క్రీడల్లో 2010లో మొదలయింది. 2010, 2014లో మనకే బంగారు పతకం. 2018లో ఇరాన్ చేతిలో 27–24తో ఓడిపోయాం. మళ్ళీ 2023లో తెచ్చుకున్నాం. పేపర్లో మొదటి వాక్యంలోనే ఎవరు గెలిచారో చెప్పేస్తారు. మనం వరండాలో కూర్చుని చెప్పుకునేటప్పుడు గెలిచిన సంగతి చివరిదాకా చెప్పం. ఎందుకు అలా అని టీచరు గారు అడిగారు. పేపరు చదివే మనిషికి పని ఉంటుంది, ముందు సంగతి కావాలి. మన దగ్గర కూర్చున్న మనిషికి కథ కావాలి. అందుకని ఒకే ఆటను రెండు రకాలుగా రాశాం, ఒకటి నోటీసుబోర్డుకి, ఒకటి రాత్రి గదిలో చదువుకోవడానికి. రెండూ ఒక్కలా ఉండవు.

అలా చదువుతూ కొందరి గురించి తెలుసుకున్నాం. అమలాపురం నుంచి సాత్విక్ సాయిరాజ్ అని బ్యాడ్మింటన్ ఆటగాడు వచ్చారు. వాళ్ళ నాన్నగారు వ్యాయామ ఉపాధ్యాయులుగా పనిచేశారు. సాత్విక్ కొట్టిన స్మాష్ గంటకు 565 కిలోమీటర్ల వేగమని 2023లో గిన్నిస్ రికార్డు అయింది. నిజామాబాదు జిల్లా పాకాల నుంచి మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమెకు 13 ఏళ్ళు. మనలాగే గిరిజన పిల్ల, మనలాగే గురుకులంలో చదివింది. నాకన్నా చిన్న వయసులో ఎక్కింది అని లెక్క వేసుకుని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అందరికన్నా నాకు నచ్చినవారు జైపాల్ సింగ్ ముండా. ఇప్పటి జార్ఖండ్లో ఒక ముండా పల్లెలో పుట్టారు. 1928లో ఆంస్టర్డాం ఒలింపిక్స్ హాకీ జట్టుకు ఆయన కెప్టెను. ఆ ఒలింపిక్స్లోనే మన హాకీకి మొదటి బంగారు పతకం వచ్చింది. తరవాత ఆయన రాజ్యాంగ సభలో సభ్యులయ్యి, 1946 నుంచి ఆదివాసుల తరపున అక్కడ మాట్లాడారు. తన జీవితకథ కూడా రాసుకున్నారు. ఆటగాళ్ళకు చదువు రాదు అనేవాళ్ళకి ఈయన పేరు చెప్పాలి.

ఆట ఇష్టం లేనివాళ్ళ సంగతి ఏంటి అని అడగొచ్చు. మా తరగతిలో ఒక పిల్లకి కాలు బాగుండదు, ఆడదు. ఆమెకు స్కోరు పుస్తకం ఇచ్చారు. ఆడేవాళ్ళకు తమ ముందున్నదే కనిపిస్తుంది. ఆమెకు కోర్టంతా కనిపిస్తుంది. అందువల్ల ఇప్పుడు మా తరగతిలో అందరికన్నా బాగా రాసేది ఆమే. ఇంకొక పిల్ల ‘నాకు ఆటలు ఎందుకు నచ్చవు’ అని రెండు పేజీలు రాసింది. అది కూడా గైడులో లేదు, కాబట్టి టీచరు గారు మెచ్చుకున్నారు.

డిసెంబరులో మా జట్టు పోటీలకు కొవ్వూరు వెళ్ళింది. రాజమండ్రి దాటాక గోదావరి మీద రోడ్డు కం రైలు వంతెన ఉంది. 1974లో కట్టడం పూర్తయిందట. పైన రోడ్డు, కింద పట్టాలు. రోడ్డు సుమారు 4 కిలోమీటర్లు. మేము సగం దూరం వెళ్ళేసరికి బస్సు సీటు కింద నుంచి అదిరింది. డ్రైవరు ‘రైలు’ అన్నాడు. అందరం కిటికీల మీద పడ్డాం గాని రైలు కనపడలేదు, మన కిందనే ఉంది గదా. చప్పుడు మాత్రం వచ్చి, అలా వెళ్ళిపోయింది. తిరిగి వచ్చాక మళ్ళీ రైలు గురించి రాశాం. ఈసారి ఎవరికీ కిటికీ పక్కన సీటు రాలేదు, పొలాలు పరుగెత్తలేదు. ‘రైలు నా కాళ్ళ కిందుగా వెళ్ళింది, నేను చూడలేదు, విన్నాను’ అని ఒకామె రాసింది. పోటీల్లో మేం రెండో ఆటలోనే ఓడిపోయి వచ్చాం. ఆ సంగతి కూడా రాశాం, ఎక్కడ ఓడామో పాయింట్లతో సహా.

ఇంకొక ముఖ్యమైన సంగతి ఉంది. సంక్రాంతి సెలవులకు వెళ్ళి మా గది నుంచి ఇద్దరు తిరిగి రాలేదు. ఇలా ప్రతి సంవత్సరం జరుగుతుంది, మేడం గారికి తెలుసు. ఒకామెకు ఖోఖోలో ఆమెంత వేగంగా ఉరికేవాళ్ళు మన బడిలోనే లేరు. జట్టంతా కూర్చుని వాళ్ళ ఇంటికి ఉత్తరం రాశాం. ‘మీ అమ్మాయిని పంపండి, చదువు చాలా అవసరం’ అని మొదట రాశాం. కెప్టెను ఆ కాగితం పక్కన పెట్టేసింది. ఇది గైడు ఉత్తరం, వాళ్ళ అయ్యకి ఇది చదివితే ఏం కనపడుతుంది అంది. అప్పుడు వేరేగా రాశాం. ఆ పిల్ల ఏ రోజు ఏ ఆటలో ఎంతమందిని ముట్టుకుందో రాశాం. వరసలో ఆమె కూర్చునే చోటు ఖాళీగా ఉందని, అక్కడ ఇంకెవర్నీ కూర్చోబెట్టలేదని రాశాం. ఆమె తెలుగు నోట్సు మేము వంతులేసుకుని రాసి ఉంచామని రాశాం.

వాళ్ళ అయ్యకు చదువు రాదు. అంగన్వాడీ టీచరు చదివి వినిపించిందట, రెండుసార్లు. పది రోజులకు ఆయనే పిల్లను వెంటబెట్టుకుని వచ్చాడు. లోపలికి రాకుండా గ్రౌండు దగ్గరే నుంచుని, ‘మా పిల్ల కూర్చునే చోటు ఏది?’ అని అడిగాడు. చూపించాం. కాసేపు చూసి, ఆఫీసులో సంతకానికి బదులు వేలిముద్ర వేసి, సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయాడు.

రెండో ఆమెకు కూడా ఉత్తరం రాశాం. జవాబు రాలేదు. పెళ్ళి చేసేశారని తరవాత తెలిసింది. ఆమె ఆటలకు వచ్చేది కాదు. ఆమె గురించి మాకు తెలిసింది తక్కువ, ఉత్తరంలో రాసింది కూడా తక్కువే. అది నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది.

పదో తరగతి పరీక్షలో చెడుగుడు మీద ప్రశ్న రాదని పెద్దలు అంటారు. నిజమే. కాని ఉత్తరం రాయమని వస్తుంది, వ్యాసం రాయమని వస్తుంది, చదివి అర్థం చేసుకుని జవాబు రాయమని వస్తుంది. గైడులో లేని ప్రశ్న వస్తే బట్టీ పట్టిన పిల్ల ఖాళీ కాగితం ఇస్తుంది. మా తరగతి ఇప్పుడు ఖాళీ కాగితం ఇవ్వదు. స్టడీ అవర్లో రెండు గంటలు కూర్చున్నాక మూడో గంటకు మేము పుస్తకం ముందు పెట్టుకుని నిద్రపోతామని మేడం గారికి మాకన్నా బాగా తెలుసు.

అందువల్ల వార్డెను మేడం గారికి మా తరగతి తరపున మూడు మనవులు. ఒకటి, ఆటల పిరియడు వారానికి నాలుగు రోజులైనా ఉంచండి. మిగిలిన రెండు రోజులు స్టడీ అవర్ చేసినా మాకు సమ్మతమే. రెండు, ఆట ఆడిన రోజు ప్రతి ఒక్కరం ఆ రాత్రి స్టడీ అవర్లోనే ఒక పేజీ రాసి టీచరు గారికి ఇస్తాం. రాయని వాళ్ళు మర్నాడు ఆడకూడదు. ఈ నియమం మేమే పెట్టుకున్నాం. మూడు, ఆటల పేజీ ఉన్న పేపరు పాతదైనా సరే లైబ్రరీ గదిలో ఉంచండి. పొట్లాలకు వాడేముందు మాకు ఒక్క రోజు ఇస్తే చాలు.

చెల్లెళ్ళకు ఒక మాట. మీకు ఏం రాయాలో తెలీకపోతే గైడు తెరవకండి. సాయంత్రం గ్రౌండులో ఏం జరిగిందో వంటమ్మకు చెప్పండి. ఆమె అడిగిన ప్రశ్నలు గుర్తుపెట్టుకుని రాయండి.

వచ్చే ఆదివారం ఎనిమిదో తరగతికి, మాకు మళ్ళీ చెడుగుడు ఉంది. ఈసారి పి.ఇ.టి. మేడం గారే అంపైరు. మధ్య గీత దగ్గర ఇద్దరు ఆరో తరగతి చెల్లెళ్ళు కాగితం, పెన్సిలు పట్టుకుని కూర్చుంటారు. అందరూ రావాలని కోరుతున్నాను.

ఇట్లు,
మీ విద్యార్థిని,
9వ తరగతి